తేదీ దిద్దిన మందుల చీటీ

నేను తిరుపతిలో ఒక తపాలా కార్యాలయంలో కౌంటరు మీద పని చేస్తాను. రోజుకు కొన్ని వందల కాగితాల మీద తేదీ ముద్ర వేయడం నా ఉద్యోగంలో భాగం. ముద్రలో ఒక అంకె తప్పుపడితే సంజాయిషీ రాసుకోవలసి వస్తుందని పదిహేడేళ్లుగా తెలిసినదాన్ని. అదే చేత్తో 2025 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్న తరువాత, ఒక డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ మీద తేదీలోని ఒకటిని ఏడుగా దిద్దాను. నొప్పి మాత్రలకు అలవాటు పడిపోయానన్న సంగతి ఆ రాత్రి కూడా నాకు తోచలేదు. నడుము నొప్పి ఉన్న ఒక మనిషికి అవసరమైన మందును లోకమంతా కలిసి అందనీయకుండా చేస్తున్నదన్న కోపం మాత్రమే ఉంది.

మొదలు 2023 నవంబరు 11, శనివారం. వాన వెలిసి రోడ్డు ఇంకా తడిగా ఉన్న సాయంత్రం, లీలామహల్ సర్కిల్ దగ్గర మలుపులో స్కూటీ జారి నడుము మీద పడ్డాను. మా అత్తది పుత్తూరు పక్క పల్లె. ఆ వైపు వారికి ఎముక అనగానే పుత్తూరు కట్టు తప్ప మరొకటి తోచదు కనుక ఆమె ఆ రాత్రే కారు మాట్లాడమన్నది. విరిగింది ఎముక కాదు, నాలుగో ఐదో నడుము పూసల మధ్య డిస్కు పక్కకు జరిగిందని మరునాడు స్కానింగులో తేలింది. ఎముకల డాక్టరు మూడు వారాల విశ్రాంతి, నడుముకు బెల్టు, కొన్ని వ్యాయామాలు చెప్పి, మాత్రలు రాసి ఇచ్చారు. అందులో ఒకటి ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. ఐదు రోజులని ఆయన స్పష్టంగా రాశారు, ఆ చీటీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. అది నల్లమందు జాతికి చెందిన మందు అని మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. దుకాణంలో కవరు మీద సున్నా, గీత, సున్నా వేసి ఇచ్చిన వారూ చెప్పలేదు.

మొదటి మాత్ర వేసుకున్న గంటకు నొప్పి తగ్గింది. దానికి ఆశ్చర్యపోలేదు, మాత్ర ఉన్నదే అందుకు. నన్ను పట్టుకున్నది నొప్పి తగ్గడం కాదని ఇప్పుడు తెలుస్తున్నది. ఆ రాత్రి కొడుకు ఇంటర్మీడియట్ ఫీజు గురించి, అటకెక్కిన చీటీపాట డబ్బు గురించి, అత్త మాటల గురించి మనసులో తిరుగుతూ ఉండే రొద ఒక్కసారి ఆగింది. మత్తు అని మనం సినిమాల్లో చూసేది ఏదీ జరగలేదు, తూలలేదు, నవ్వలేదు. నిదానంగా వంట చేసుకున్నాను, పిల్లల మీద విసుక్కోలేదు, మూడు చీరలు ఇస్త్రీ చేశాను. మంచి ఇల్లాలు అంటే ఎట్లా ఉండాలని నేను అనుకునేదాన్నో అట్లా ఉన్నాను. తరువాత రెండేళ్లు నేను వెతుక్కున్నది ఆ ఒక్క సాయంత్రాన్నే, అది మళ్లీ దొరకలేదు.

ఐదు రోజులు అయిపోయాక పాత చీటీ పట్టుకుని మా వీధి చివరి మందుల దుకాణానికి వెళితే ఆ అబ్బాయి చీటీ వైపు చూడనైనా చూడకుండా ఇచ్చాడు. మూడోసారికి చీటీ తీసుకుపోవడమే మానేశాను. "అక్కా, నడుం నొప్పిదేనా, ఒక షీటా రెండా?" అని అడిగేవాడు. పది మాత్రల షీటు నేను కొనే రకం తొంభై ఐదు రూపాయలు. 2024 ఉగాది నాటికి రోజుకు నాలుగు, దసరాకు ఎనిమిది, 2025 సంక్రాంతికి పద్నాలుగు. పెంచాలని ఎన్నడూ అనుకోలేదు. పాత లెక్కతో పని జరగని రోజు ఒకటి వచ్చేది, ఆ రోజుకు మాత్రమే ఇంకొకటి అనుకునేదాన్ని, మరునాటికి అదే లెక్క అయ్యేది. పద్నాలుగంటే నెలకు నలభై రెండు షీట్లు, నాలుగు వేల రూపాయలకు పది తక్కువ. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కనబడకుండా చేయడానికి పాలవాడికి ఒక నెల, కేబులు వాడికి ఒక నెల బాకీ పెడుతూ వచ్చాను.

దాచడం ఒక ప్రత్యేకమైన చాకిరీ. బియ్యం డ్రమ్ములో అడుగున, పట్టుచీరల మడతల్లో, ఆఫీసులో పాత రసీదు పుస్తకాల వెనుక, స్కూటీ సీటు కింద వానకోటు జేబులో పెట్టేదాన్ని. ఖాళీ షీట్లు ఇంటి చెత్తలో వేయకుండా ఆఫీసుకు పోయే దారిలో పారేసేదాన్ని. మలబద్ధకం విపరీతంగా ఉండేది, అది ఈ మందు చేసే పనేనని తెలియక దానికి వేరే చూర్ణాలు తెచ్చుకున్నాను. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకసారి తన పిన్నితో ఫోనులో, "అమ్మ పొద్దున మంచిది కాదు, టిఫిను తిన్నాక మంచిదవుతుంది" అనడం విన్నాను. పొద్దున తొలి నాలుగు మాత్రలు నేను వేసుకునేది టిఫినుతోనే.

2025 మార్చి 21న ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతటా మందుల దుకాణాల మీద తనిఖీలు జరిగాయి. ఆ శుక్రవారం సాయంత్రం నేను పోయేసరికి మా వీధి అబ్బాయి ముఖం తిప్పుకున్నాడు. "ఇంక ఇయ్యలేనక్కా. చీటీ ఉండాల, డాక్టరు పేరు, నీ పేరు, ఎన్ని ఇచ్చినామో అంతా రిజిస్టరులో రాయాల" అన్నాడు. ఆ రిజిస్టరు కొత్తది కాదనీ, షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలోని మందులకు 2014 మార్చి నుంచే ఆ లెక్క రాసి మూడేళ్లు దాచాలన్న నిబంధన ఉన్నదనీ, ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందకు కూడా తెచ్చారనీ ఆ తరువాత తెలుసుకున్నాను. నిబంధన ఉన్న కాలంలోనే ఏడాదిన్నరపాటు నాకు అడిగినన్ని దొరికాయి. తనిఖీలు తప్పని నేను అనను. కాని దుకాణం తలుపు మూసుకున్న రోజున, అప్పటిదాకా ఆ తలుపులోంచి నడిచిన మనిషి ఎక్కడికి పోవాలో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఆ గోడ మీద లేదు.

నేను పోయిన చోట్లు ఇవి: తిరుచానూరు రోడ్డులో ఒక క్లినిక్, రేణిగుంటలో ఒకటి, చంద్రగిరిలో ఒక ఆర్‌ఎంపీ, సెలవు పెట్టి బస్సెక్కి చిత్తూరులో ఇద్దరు డాక్టర్లు. ప్రతిచోటా అదే స్కానింగు ఫిలిం చూపించి, అప్పుడే పడినట్టు నడుము పట్టుకుని కూర్చునేదాన్ని. ఫీజు మూడు వందలు, నాలుగు వందలు. చేతికి దొరికేది ఐదు రోజుల మందు, అంటే పది మాత్రలు, నాకు ఒక పూటకు కొంచెం ఎక్కువ. చిత్తూరు డాక్టరు ఏప్రిల్ 1న రాసిన చీటీకి, దుకాణం వాళ్లు ముద్ర వేయకముందే నాలుగు జిరాక్సులు తీయించాను. 1ని 7 చేసింది దాని మీదనే. తరువాత 7కు ముందు ఇంకొక 1 చేర్చి 17 చేశాను. ఏ దుకాణంలోనూ ఎవరూ పట్టుకోలేదు. చీటీ లేకుండా ఇచ్చే చోటు ఒకటి దొరికింది, అక్కడ షీటు రెండు వందల యాభై. నా జీతంలోంచి మూడు నెలలు చీటీపాట వాయిదా కట్టకుండా దాని మీద పెట్టాను.

మే రెండో వారంలో గంగమ్మ జాతర. వేషాలు చూడడానికి పిల్లలను తీసుకుని మా ఆయన పొద్దున్నే వెళ్లారు. నా దగ్గర ముందు రోజు మధ్యాహ్నానికే మాత్రలు అయిపోయాయి, ఆ ఇచ్చే దుకాణం జాతరకు మూసి ఉంది. తెల్లవారుజామున ఆవలింతలు మొదలయ్యాయి, ఒకటి ముగియకముందే మరొకటి. ముక్కు కారింది, కళ్లు కారాయి, ఎండాకాలంలో ఒళ్లంతా పులకలు లేచాయి. కడుపు జారింది. కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఉండి ఒక్క క్షణం కదల్చకుండా ఉంచలేకపోయాను. వీటన్నిటికంటే భయం పెట్టింది తల లోపల కరెంటు తగిలినట్టు వచ్చే చిన్న చిన్న అదుర్లు. మా అత్త నా నుదురు తడిమి, "జాతర నాడు ఇట్లా వచ్చిందంటే అమ్మవారేమో పాపా" అని వేపమండ తెచ్చి తల దగ్గర పెట్టింది. సాయంత్రం దుకాణం తెరిచాక నాలుగు మాత్రలు వేసుకున్నాను. ముప్పావు గంటలో అన్నీ ఆగిపోయాయి. అందులో పారాసెటమాల్ ఉంది కదా, జ్వరమే తగ్గిందని నాకు నేను చెప్పుకున్నాను. విరేచనాలు, కాళ్లు, తలలో అదుర్లు పారాసెటమాల్‌తో తగ్గవని తెలియనంత అమాయకురాలిని కాను. ఆ రోజు తెలిసింది. తెలిసి కూడా మూడు నెలలు గడిపాను.

జూన్‌లో సొంతంగా తగ్గించాలని చూశాను. చిన్న నోటు పుస్తకంలో రోజుకొక గీత గీసి పద్నాలుగు నుంచి పదకొండుకు వచ్చాను, తొమ్మిదో రోజున తిరిగి పద్నాలుగు. జూలైలో రెండోసారి మొదలుపెట్టి నాలుగు రోజులకే వదిలేశాను. ఆగస్టులో మా శాఖకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. కౌంటరులో తెర కదలక, బయట వరుస కదలక, అరుపుల మధ్య పొద్దుగూకేది. ఆ పది రోజులూ నా లెక్క పదహారుకు చేరింది.

ఆగస్టు 16, శనివారం, కృష్ణాష్టమి. తెల్లవారి ఐదున్నరకు పాలు పొయ్యి మీద పెట్టడం జ్ఞాపకం ఉంది. తరువాతి జ్ఞాపకం 108 వాహనం పైకప్పు. మధ్యలో జరిగింది మా ఆయన చెప్పగా తెలిసింది: గిన్నె పడిన చప్పుడుకు ఆయన వచ్చేసరికి నేను నేల మీద బిగుసుకుపోయి కొట్టుకుంటున్నానట, నాలుక కరుచుకుని నోటి పక్కన నెత్తురు ఉందట. ఆయన ఆర్‌టీసీ గ్యారేజీలో మెకానిక్కు, ఇరవై ఏళ్లలో ఎన్ని ప్రమాదాలు చూశారో. ఆ రోజు ఫోనులో 108 నొక్కడానికి మాత్రం వేళ్లు ఆడలేదని అన్నారు. స్టవ్ కట్టేసింది మా పిల్ల.

ప్రభుత్వ పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో తలకు స్కానింగు తీశారు, మెదడులో ఏమీ లేదన్నారు. ఏమి మందులు వాడుతున్నారని అడిగిన ప్రతి డాక్టరుకూ గ్యాసు మాత్ర, అప్పుడప్పుడు నడుము మాత్ర అని చెప్పాను. మా ఆయన పక్కనే ఉన్నారు. సంచిలో అడుగున రెండు షీట్లు ఉన్నాయి. ఆదివారం సాయంత్రం దాకా ఆసుపత్రి మరుగుదొడ్డిలోనే వేసుకున్నాను. మూర్ఛ వచ్చి పడిన మనిషి, ఆ మూర్ఛ తెప్పించిన మాత్రలనే గొళ్లెం పెట్టుకుని మింగింది. ఇది రాయకుండా వదిలేద్దామని చాలాసేపు ఆలోచించాను.

పట్టుకున్నది ఒక పీజీ డాక్టరమ్మ. మా కొడుకు కంటే ఏడెనిమిదేళ్లు పెద్దది అయి ఉంటుంది. సోమవారం, 18వ తేదీ, తెల్లవారి ఆరు గంటలకు రక్తం తీయడానికి వచ్చి, నా ముక్కు కారడం, ఆవలింతలు చూసింది. జలుబు అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని మోచేతి పైన లేచిన పులకలు చూసి, టార్చి వేసి కళ్లు చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మా, ఇది జలుబు కాదు. మీరు వేసుకునే నడుము మాత్ర పేరు చెప్పండి. నేను కోప్పడను" అని మెల్లగా అడిగింది. పేరు చెప్పాను. రోజుకు ఎన్ని అని అడిగింది. ఆరు అన్నాను, తరువాత పది అన్నాను, ఆమె కదలకుండా కూర్చుంటే పదహారు అన్నాను. ఏడవలేదు. రెండేళ్లలో మొదటిసారి ఒక మనిషికి సరైన అంకె చెప్పాను.

ఆమె అక్కడే కాగితం మీద లెక్క వేసింది. పదహారు మాత్రలంటే ట్రమడాల్ 600 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు 400 దాటకూడదు, మోతాదు పెరిగేకొద్దీ మూర్ఛ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నేను ఊహించనిది రెండో లెక్క: పారాసెటమాల్ 5,200 మిల్లీగ్రాములు, రోజుకు 4,000 దాటితేనే కాలేయానికి ముప్పు. ఆ రోజు డాక్టర్లు ఎక్కువ కంగారుపడింది మత్తుమందు గురించి కాదు, ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే మనం ఇచ్చే ఆ మామూలు మందు గురించి. కాలేయ పరీక్షలో ఒక విలువ ఉండవలసినదానికి మూడింతలు వచ్చింది. అది మామూలు స్థాయికి దిగడానికి ఆరు వారాలు పట్టింది.

పది గంటలకు మానసిక విభాగానికి పంపారు. అక్కడ ఒక వింత జరిగింది. మూత్రం తీసుకుని, చిన్న కిట్టు మీద చుక్కలు వేసి చూశారు. ఆ కిట్టులో రెండు గీతలు వస్తే ఒంట్లో ఆ మందు లేదని అర్థమట, నాకు రెండు గీతలు వచ్చాయి. నిజం చెప్పినందుకు అబద్ధాలకోరుగా తేలానని బెదిరిపోయాను. నల్లమందు, హెరాయిన్ పట్టే మామూలు కిట్టు ట్రమడాల్‌ను పట్టదనీ, దానికి వేరే పరీక్ష ఉంటుందనీ, లక్షణాలు చూస్తే చాలనీ పెద్ద డాక్టరుగారు చెప్పారు. ఇంట్లో అనుమానం వచ్చి ఇట్లాంటి కిట్టు తెచ్చి పరీక్ష చేసి, ఏమీ లేదని ఊరట పడేవారు ఉంటారేమోనని ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

చికిత్స బుప్రెనార్ఫిన్, నలాక్సోన్ కలిసిన మాత్ర. నాలుక కింద పెట్టుకుని కరిగిపోయేదాకా మింగకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. మింగితే సరిగా పనిచేయదు. ఇందులో కష్టమైన సంగతి, పాత మాత్రలు ఆపినందుకు వచ్చే బాధ బాగా ముదిరేదాకా దాన్ని ఇవ్వరు. పాత మందు ఒంట్లో ఉండగా ఇస్తే ఒక్కసారిగా బాధ విరుచుకుపడుతుందట. కనుక ఆవలింతలు, చెమట, నాడి, కడుపు, కాళ్ల కదలిక, ఒక్కొక్కదానికి మార్కులు వేసి, చాలినన్ని వచ్చేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. జీవితంలో తక్కువ మార్కులు వచ్చాయని బాధపడ్డ పరీక్ష అదొక్కటే. మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదటి 2 మిల్లీగ్రాములు ఇచ్చారు. చేదుగా, నిమ్మ వాసనతో, నోరంతా ఊరింది. నర్సు టార్చి వేసి నాలుక ఎత్తమని చూసింది. నలభై నిమిషాలకు కాళ్లలో పాకడం ఆగింది. మూడు గంటలకు ఇంకొకటి, రాత్రికి మరొకటి. ఆ రాత్రి రెండు గంటలు నిద్ర పట్టింది.

మా ఆయనకు చెప్పింది నేను కాదు, డాక్టరుగారు, నా అనుమతి అడిగి నా ఎదుటే చెప్పారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది ఒకటే: "బియ్యం డ్రమ్ములో కూడా ఉండాయా?" ఇంటికి పోయి పదకొండు షీట్లు, రెండు దిద్దిన జిరాక్సులు తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టారు. పోలీసు కేసు అవుతుందా అని గొంతు తగ్గించి అడిగారు. అలవాటు పడినవారు తమంతట తాము చికిత్సకు వస్తే వారికి రక్షణ కల్పించే 64ఏ అనే సెక్షను 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఉందనీ, తమ పని వైద్యమేననీ డాక్టరుగారు చెప్పారు. చీటీ దిద్దిన సంగతి గురించి మాత్రం, "అది మళ్లీ చేయకండి" అని ఊరుకున్నారు.

వ్యసనాల ఓపీ దగ్గర ఆడవాళ్లు ఉంటారు, భార్యలుగా, తల్లులుగా. రోగిగా ఆ రోజు నేను ఒక్కదాన్నే. అటెండరు రెండుసార్లు, "మీ ఆయన యాడమ్మా? పేషెంటును పిలుచుకోని రా" అన్నాడు. మూడోసారి ఓపీ చీటీ మీద పేరు చూసి తల వంచుకున్నాడు. మందు మాన్పించే వార్డు మగవారికే ఉంది కనుక నన్ను మానసిక విభాగం ఆడవారి వార్డులో ఉంచారు. తోడు మనిషి తప్పనిసరి. పలమనేరు నుంచి మా అక్క వచ్చింది. ఆమెకు మూర్ఛ అని చెప్పాము. మూడో రోజున వార్డు చూసి ఆమే అర్థం చేసుకుని, ఏమీ అడగకుండా నా జడ దువ్వింది.

ఆగస్టు 28న, వినాయక చవితి మరునాడు, ఇంటికి పంపారు. ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు పడలేదు. పన్నెండు రోజులకు అక్క భోజనం, ఆటోలు, బయట చేయించిన ఒక పరీక్ష కలిపి ఆరు వేల ఎనిమిది వందలు అయింది. అంతకుముందు రెండేళ్లలో మాత్రలకు, అబద్ధపు ఫీజులకు అయినది మా ఆయన కూర్చుని లెక్క వేస్తే తొంభై వేలు దాటింది.

నన్ను ఎక్కువగా పీడించిన భయం ఆఫీసుకు ఇవ్వవలసిన కాగితం. మానసిక విభాగం ముద్ర, వ్యసనం అన్న మాట ఉన్న మెడికల్ సర్టిఫికెట్టు కౌంటరు మీదుగా పది చేతులు మారుతుందని పది రాత్రులు నిద్ర పోలేదు. డాక్టరుగారు మూర్ఛ వచ్చి చేరినందున విశ్రాంతి అని రాసి ఇచ్చారు, అది అబద్ధం కాదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నా హక్కు అని చెప్పినది కూడా ఆయనే. మెడికల్ సర్టిఫికెట్టు మీద ఇచ్చే కమ్యూటెడ్ సెలవు మంజూరైంది, సెప్టెంబరు 15న చేరాను. ఆరు నెలలు స్కూటీ నడపవద్దన్నారు. కారణం అడిగినవారికి నడుము అని చెప్పాను, ఎవరూ అనుమానపడలేదు.

తరువాతి కాలం గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. బాధ తగ్గినా, ఏదీ రుచించని ఒక చప్పదనం రెండు నెలలు ఉంది. సాంబారు సాంబారులా లేదు, పిల్ల పాట పాటలా లేదు. నిద్ర రాత్రి ఒంటి గంటకు తెగిపోయేది. అట్లాంటి ఒక రాత్రి మా ఆయన 14416కు ఫోను చేశారు; అది టెలి మానస్ అనే ఉచిత ప్రభుత్వ సేవ, తెలుగులోనే మాట్లాడారు. అవతలి అమ్మాయి నాతో ఇరవై నిమిషాలు మాట్లాడి, ఆ గంటలో చేయగలిగిన చిన్న పనులు రెండు చెప్పింది. అందులో ఒకటి ఇల్లు ఊడ్వడం. రాత్రి ఒంటి గంటకు ఇల్లు ఊడుస్తుంటే మా అత్త లేచి చూసి, లక్ష్మి పోతుందని తిట్టింది.

మొదట మూడు రోజులకొకసారి, తరువాత ప్రతి సోమవారం ఆసుపత్రికి వెళ్లాను. ఎనిమిదిన్నరకు వరుసలో నిలబడితే మాత్రలు చేతికి వచ్చేసరికి పన్నెండున్నర. దీనికీ అలవాటు పడితే ఏమి లాభమని మా ఆయన ఒకసారి అడిగారు. ఇది నెమ్మదిగా కోలుకునే మనిషికి ఇచ్చే చేతికర్ర అని డాక్టరుగారు అన్నారు. నాకు ఆ పోలిక నచ్చలేదు, కాని మోతాదు 6 నుంచి సెప్టెంబరు చివరికి 4కు, నవంబరు చివరికి 2కు దిగింది. దిగిన ప్రతిసారీ నాలుగు రోజులు ముక్కు కారింది, చిరాకు వచ్చింది, పోయింది.

అక్టోబరులో, దీపావళికి ఇల్లు సర్దుతుండగా, వానకోటు జేబులో ఆరు మాత్రల షీటు దొరికింది. మా ఆయన వెతికిన చోట్ల అదొక్కటి తప్పిపోయింది. ఐదు నిమిషాలు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. రెండు వేసుకున్నాను. ఏమీ జరగలేదు. నిజంగా ఏమీ జరగలేదు. నాలుక కింద మాత్ర వాడుతున్నంత కాలం మెదడులో ఈ మాత్రలు పనిచేసే చోటును అది ముందే ఆక్రమించుకుని ఉంటుంది కనుక వీటికి తావు ఉండదట. మిగిలిన నాలుగూ మరుగుదొడ్డిలో వేశాను. సోమవారం డాక్టరుగారితో చెప్పాను. ఆయన తేదీ వేసి, "రెండు మాత్రలు, ఆమే చెప్పారు" అని కేసు షీటులో రాసుకున్నారు. మూర్ఛ వచ్చినదానికి మళ్లీ ఆ ప్రమాదం చేయవద్దని మాత్రం గట్టిగా అన్నారు.

నడుము సంగతి. నొప్పి కోసమే కదా ఇంత జరిగింది. అక్టోబరు నుంచి ఫిజియోథెరపీకి పోయాను, పూటకు మూడు వందలు, పన్నెండు పూటలు. డిస్కు అట్లాగే ఉంది. డిసెంబరులో ఒక రోజు కౌంటరులో నాలుగు గంటలు కూర్చుని లేచాక తట్టింది, పద్నాలుగు మాత్రలు వేసుకున్న రోజుల్లో కంటే ఇప్పుడు నొప్పి తక్కువగా ఉంది. ఈ జాతి మందులు ఎక్కువ కాలం వాడితే నరాలు నొప్పిని ఇంకా పదునుగా పట్టడం నేర్చుకుంటాయని డాక్టరుగారు చెప్పారు. అంటే కొంతకాలంగా నేను మాత్రలు వేసుకున్నది డిస్కు నొప్పికి కాదు, ఆ మాత్రల నొప్పికి. ఈ మాట నాకు 2024లో ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్నని చెప్పలేను.

ఇది రాస్తున్నది 2026 జనవరి 10న. కొత్త సంవత్సరం నుంచి రోజుకు 1 మిల్లీగ్రాము, అంటే 2 మిల్లీగ్రాముల మాత్రలో సగం. తరువాత రావలసిన తేదీ 19, సోమవారం. ఓపీ చీటీ మీద డాక్టరుగారి దస్తూరిలో ఒకటి, తొమ్మిది విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. మాత్రల డబ్బా మా ఆయన పనిముట్ల పెట్టెలో తాళం వేసి ఉంటుంది. పొద్దున ఆయనే మాత్రను బ్లేడుతో రెండు చేస్తారు. సగాలు ఎప్పుడూ సమంగా రావు. పెద్ద ముక్క వైపు నా కన్ను పోతుందని ఆయనకు తెలుసు. చిన్నది నా చేతిలో పెట్టి, పెద్దది రేపటికి కాగితంలో చుట్టి లోపల వేస్తారు.